రెండు ఏస్ బండ్లు, 38 మడిగెలు: రూటు ఎలా వేయాలి? బండి ఎక్కడ ఆపించాలి?

రంగశాయిపేట_గోదాం
అందరికీ నమస్తే. కిరాణాలకు బియ్యం, నూనె, పప్పులు వేస్తాను. గోదాం వరంగల్ రంగశాయిపేటలో ఉంది, రెండు టాటా ఏస్‌లు. మడిగెలు చౌరస్తా, పోచమ్మ మైదాన్, దేశాయిపేట, ములుగు రోడ్డు, నయీంనగర్, కేయూ క్రాస్, కాజీపేటల్లో ఉన్నాయి. ఉదయం 7కి కదిలిన బండ్లు సాయంత్రం 6 దాటినా రావడం లేదు. ఏ మడిగె తర్వాత ఏది వేయాలి? ప్రతి మడిగె ముందూ ఆపాలా, ఒకచోట ఆపి నాలుగింటికి మోయించాలా? యాప్ కొంటే పనవుతుందా? డీజిల్ లెక్క చూసుకుంటే నిద్ర పట్టడం లేదు.

పాలబండి_హసన్‌పర్తి
యాప్ సంగతి నాకు తెలియదు. లోడు ఎక్కించేటప్పుడే సగం రూటు తేలిపోతుందన్నా. చివర దించేది ముందు ఎక్కి లోపలికి పోవాలి. ఖాళీ ఉన్నచోటల్లా ట్రేలు పెట్టి, ఆగిన ప్రతిచోటా పది దించి మళ్లీ ఎక్కించేవాళ్లం. వరుస మార్చిన వారంలోనే రోజుకు గంట మిగిలింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో.

ఆర్‌ఈసీ_పాతబ్యాచ్
ఈ రంగంలో 22 ఏళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. పెట్రోలు బంకులకు ట్యాంకర్లు ఎలా పంపాలన్న ఇదే లెక్కను డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు పరిశోధకులు 1959లో రాశారు. మన వరంగల్ ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్‌ఐటీ ఇంజినీరింగ్ కాలేజీకి, పునాది పడిందీ ఆ ఏడాదే. పది చోట్లు తిరగడానికే 36,28,800 వరుసలు ఉంటాయి. 38కి ఒక్కొక్కటీ వేసి చూడటం కుదరదు. 1964లో క్లార్క్, రైట్ చెప్పిన పొదుపు పద్ధతి పట్టుకోండి. గోదాం నుంచి ఒక మడిగె 4 కిలోమీటర్లు, ఇంకోటి 5, రెంటికీ మధ్య 1 అనుకుందాం. విడివిడిగా పోయివస్తే 18, ఒకే తిప్పలో పోతే 10. అంటే 8 మిగిలింది. ప్రతి జతకూ ఇలా రాసుకుని, ఎక్కువ మిగిలే జత నుంచి కలుపుతూ, బండి నిండేదాకా పోవాలి.

శివనగర్_సాయి
సార్, ఆ 1 కిలోమీటరు దేనితో కొలిచారు? నక్ష మీద చూస్తే శివనగర్, స్టేషన్ రోడ్డు పక్కపక్కనే. మధ్యలో రైలు పట్టాలున్నాయి. వాన పడి అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచిన రోజు ఆ కిలోమీటరు ఎంతవుతుందో మాకు తెలుసు. గోదాం పట్టాలకు ఇవతల ఉంది కాబట్టి, ఒకసారి అవతలికి దాటిన బండి అన్నీ వేసే తిరిగిరావాలి.

ఆర్‌ఈసీ_పాతబ్యాచ్
రోడ్డు దూరమే కొలవాలని నాకు మీరు చెప్పాలా? పద్ధతి చెప్పాను, దూరాలు మీరు వేసుకోండి.

బట్టలబజార్_హోల్‌సేల్
గల్లీల్లోకి బండి పంపితే రివర్స్ తీయడానికే పొద్దు గడుస్తుంది. చౌరస్తాలో ఒకచోట ఆపించి, తోపుడు బండి మీద ఐదు మడిగెలకు వేయించండి. నా బండి 14 చోట్ల ఆగేది, ఇప్పుడు 5 చోట్లే.

ఏస్_డ్రైవర్_కరీమాబాద్
మీరు ఆపమంటారు, మెయిన్ రోడ్డు మీద ఫొటో కొట్టేది నేను తోలే బండికి. పాత ఓనర్ దగ్గర నాలుగు చలాన్లు నా జీతంలోంచి కోశారు. చలాన్ వచ్చేది బండి నంబరు మీద, బండి ఆయనది, ఆపమన్న చోటూ ఆయనే చెప్పింది. కట్టింది మాత్రం నేను.

బట్టలబజార్_హోల్‌సేల్
ఎక్కడ ఆపాలో చూసుకోవడం డ్రైవర్ పని కాదా? మా డ్రైవర్ ఎనిమిదేళ్లలో ఒక్క చలాన్ తేలేదు.

ఏస్_డ్రైవర్_కరీమాబాద్
పొద్దున 11 గంటలకు చౌరస్తాలో ఖాళీ జాగా చూపించండి, రేపటి నుంచి మీకే తోలుతాను. 25 కిలోల బస్తాలు 200 మీటర్లు ఎవరు మోస్తారో కూడా చెప్పండి. హమాలీ పెట్టరు, తోపుడు బండి ఇస్తారు. నడుము నొప్పికి మందులు మా ఇంటి డబ్బుతోనే కొనాలి.

పాలబండి_హసన్‌పర్తి
ఆయన చెప్పింది నిజం. ఆపే చోటు ఓనర్ చెబితే చలాన్ ఓనరే కట్టాలి. ఇందులో వాదన లేదు.

బట్టలబజార్_హోల్‌సేల్
అందరూ డ్రైవర్ల వైపే మాట్లాడండి. డీజిల్ పోసేది ఎవరు?

మందులషాపు_ఎంజీఎం
గొడవ ఆపండి దయచేసి. తెరవని మడిగెకు పోవడమే పెద్ద నష్టం. నా కౌంటర్ 9:30 తర్వాతే తెరుస్తాను, అయినా 8కే బండి వచ్చి తిరిగిపోతుంది. ఎవరు ఎప్పుడు తెరుస్తారో ముందు రాసుకోండి. గూగుల్ మ్యాప్స్ యాప్‌లో తొమ్మిది స్టాపులే పడతాయి, అదీ మీరు పెట్టిన వరుసలోనే చూపిస్తుంది, వరుస తనంతట మార్చదు.

దేశాయిపేట_మిర్చి
మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు పొద్దున పంపకండి. ట్రాక్టర్లు, డీసీఎంలు వరుస కట్టి ఉంటాయి. దేశాయిపేట మధ్యాహ్నానికి పెట్టుకోండి. మొన్న 2026 జనవరిలో మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డులో మా బండి ఎంతసేపు ఇరుక్కుందో తలచుకుంటేనే టెన్షన్. ఇంతకీ ఎవరి దగ్గరైనా ఏస్‌కు మంచి సెకండ్ హ్యాండ్ టార్పాలిన్ ఉందా?

రంగశాయిపేట_గోదాం
అందరికీ థాంక్స్. చలాన్లు ఇక నేనే కడతాను, ఇప్పటిదాకా కోసింది కూడా మా డ్రైవర్లకు తిరిగి ఇస్తాను. చౌరస్తా మడిగెలకు ఒక హమాలీని కూడా పెడుతున్నాను. రేపు నేనే బండి ఎక్కి, ఆగిన ప్రతిచోటా ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తాను. సాయి అన్నా, అండర్ బ్రిడ్జి బంద్ అయితే ఏ దారి?

శివనగర్_సాయి
నాయుడు పంపు నుంచి హంటర్ రోడ్డు.

ఏస్_డ్రైవర్_కరీమాబాద్
బొందివాగు పొంగితే అదీ బందే. 2023 జులైలో చూశాం కదా. అలాంటి వాన పడిన రోజు పట్టాలకు ఇవతలి మడిగెలకే లోడు కట్టండన్నా.