అప్‌డేట్: బ్రిడ్జ్ ఉన్నాక మళ్ళీ కంట్రోలర్ ఎందుకు అని అడిగింది నేనే

గుర్తుంది కదా, మా స్మార్ట్ హోంలో జిగ్‌బీ (తక్కువ కరెంట్‌తో నడిచే వైర్‌లెస్) బల్బులకి బ్రిడ్జ్ ఉంటే, మ్యాటర్‌కి (వేర్వేరు కంపెనీల స్మార్ట్ డివైస్‌లు కలిసి పనిచేయడానికి పెట్టిన కామన్ స్టాండర్డ్) ఇంకో కంట్రోలర్ ఎందుకు, చివరి రూంలో మోషన్ సెన్సర్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ ఎందుకవుతోంది అని అడిగా. రెండూ తేలిపోయాయి, రిప్లై ఇచ్చినవాళ్ళకి థ్యాంక్స్.

బ్రిడ్జ్‌ది దుబాసీ పని అంతే, బల్బు జిగ్‌బీలోనే ఉంటుంది, దాన్ని మ్యాటర్ డివైస్‌లా చూపించేది బ్రిడ్జ్, అందుకే బ్రిడ్జ్ ప్లగ్ పీకితే యాప్‌లో బల్బులన్నీ నో రెస్పాన్స్. ఎప్పుడు వెలగాలో చెప్పేది, ఆటోమేషన్లు నడిపేది కంట్రోలర్. థ్రెడ్ (జిగ్‌బీలాంటి ఇంకో వైర్‌లెస్ నెట్‌వర్క్) బోర్డర్ రౌటర్ ఈ రెండూ కాదు, అది ప్యాకెట్లని థ్రెడ్ నుంచి వైఫైకి, అటునుంచి ఇటు దాటిస్తుందంతే. (ఒకే డబ్బాలో అన్నీ పెట్టి అమ్ముతారు, కన్ఫ్యూజన్ అంతా అక్కడే.)

ఇక సెన్సర్. బ్యాటరీ డివైస్‌లు వేరేవాటి సిగ్నల్ మోయవు, కరెంట్ మీద నడిచేవే సాధారణంగా మోస్తాయి, సో మధ్యలో ఒక జిగ్‌బీ ప్లగ్ పెట్టి సెన్సర్‌ని మళ్ళీ పెయిర్ చేశా. వైఫై 1వ ఛానల్‌లో, జిగ్‌బీ 11లో ఉన్నాయి, 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, జిగ్‌బీని 25కి మార్చా. ఇప్పుడు సెన్సర్ డ్రాప్ అవ్వట్లేదు.

మిగిలింది ఒక్కటే, ఇంట్లోవాళ్ళు గోడ స్విచ్ ఆఫ్ చేసేస్తున్నారు, దాంతో ఆ బల్బు రౌటర్‌గా (అంటే వేరేవాటి సిగ్నల్ మోసేదిగా) కూడా చచ్చిపోతోంది.