కాటీనియన్ అసోసియేషన్‌లో చేరిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది ఫిరంగిపురం, గుంటూరు దగ్గర. ప్రస్తుతం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా కతోలిక గుడిలో ఆదివారం పూజ అయ్యాక హాల్లో టీ ఇస్తారు. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన, రిటైరైన టీచరు, నన్ను కాటీనియన్ అసోసియేషన్‌లో చేరమంటున్నారు.

నాకు తెలిసింది ఇంతే: 1908లో మాంచెస్టర్‌లో మొదలైంది, కతోలిక మగవాళ్లకే సభ్యత్వం. స్థానిక శాఖను సర్కిల్ అంటారు. నెలకోసారి మీటింగ్, ఆ తర్వాత కలిసి భోజనం. సభ్యులకు గానీ, చనిపోయిన సభ్యుల భార్యలకు గానీ కష్టం వస్తే ఆదుకోవడానికి ఒక నిధి ఉంది. మన దగ్గర విన్సెంట్ డి పాల్ సంఘంవాళ్లు పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేస్తారు కదా, ఇది అలాంటిది కాదు. ముందు స్నేహం, ఆపైన ఒకరికొకరు తోడు. నిజం చెప్పాలంటే నాకు కావాల్సింది కూడా అదే. ఇక్కడ ఆఫీసువాళ్లు తప్ప నాకంటూ మనుషులు లేరు.

మా ఆవిడ నర్సు, నైట్ డ్యూటీలు ఎక్కువ. పాపకు నాలుగేళ్లు. మీటింగ్ రోజు ఆవిడకు డ్యూటీ పడితే మానేయొచ్చా, లేక ముఖం చిట్లిస్తారా? చందా, భోజనం కలిపి ఏడాదికి ఎంతవుతుంది? సూటూ బూటూ తప్పనిసరా? నేను మందు ముట్టను, దానికేమైనా ఇబ్బందా? సభ్యుల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లేనట, ముప్పైల్లో ఉన్నవాడికి కుదురుతుందా?

ఫారం నింపే ముందు ఒక మీటింగ్‌కి అతిథిగా వెళ్లి చూస్తానని అడగొచ్చా? పెద్దాయన్ని నొప్పించకుండా ఎలా అడగాలో కూడా చెప్పండి.