హాల్ 9000 కన్ను ఆటో వెనక లైటులా వస్తోంది, ఏం చేయాలి?

సూళ్లూరుపేట అబ్బాయి:

అందరికీ నమస్కారం. ఉండేది చెన్నై వేళచ్చేరిలో, సొంతూరు సూళ్లూరుపేట. మా నాన్నగారు షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. జనవరి 10కి ఆయనకు డెబ్భై నిండుతాయి. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చూశారు. 1968 నాటి సినిమా. ఇప్పటికీ ఏ రాకెట్ లాంచ్ రోజైనా అన్నం దగ్గర దాని మాట వస్తుంది. అందులో తనను భయపెట్టింది అరుపులూ హత్యలూ కాదంటారు, అంతరిక్ష నౌకను నడిపే హాల్ 9000 అనే కంప్యూటర్ కన్ను ఒక్కసారి కూడా రెప్ప వేయకపోవడమట.

ఆ కన్నును, అంటే హాల్ 9000 ప్యానెల్‌ను చిన్న కొలతలో చేసి ఆయన టేబుల్ మీద గడియారం పక్కన పెట్టాలన్నది నా కోరిక. సినిమాలో హాల్ తాను పనిలోకి వచ్చిన తేదీ 1992 జనవరి 12 అని చెబుతుంది. నాన్నగారి పుట్టినరోజుకు రెండు రోజుల తేడా. 10న కుదరకపోతే 12న ఇస్తాను, అంతకు మించి వాయిదా వేయను.

ఇప్పటిదాకా చేసింది చెబుతాను. సినిమాను ఆపి ఆపి చూసి స్కేలు పెట్టి కొలిచాను. ప్యానెల్ ఎత్తు వెడల్పుకు దాదాపు మూడింతలుంది. అందుకని 9 సెంటీమీటర్ల వెడల్పు, 27 ఎత్తు పెట్టుకున్నాను. నల్ల అక్రిలిక్ పలక, చుట్టూ అల్యూమినియం ఎల్-యాంగిల్ చట్రం. పైన పేరు పట్టీ: ఎడమవైపు నీలం మీద హాల్, కుడివైపు నలుపు మీద 9000. అది స్టిక్కరుగా ప్రింట్ చేయించాను, బాగానే వచ్చింది. కన్ను కోసం 52 మిల్లీమీటర్ల రంధ్రం లేజర్‌తో కోయమంటే షాపువాళ్లు 54 కోసిచ్చారు. కన్ను చుట్టూ పెట్టే రింగు అందులో ఊగుతోంది. సగం రోజు దానికే పోయింది.

అసలు బాధ కన్నుతోనే. పుస్తకం మీద పెట్టుకుని చదువుకునే గాజు గుండు ఉంటుంది కదా, అడుగు చదునుగా, పైన అర్ధగోళంలా, అది 5 సెంటీమీటర్లది కొన్నాను. వెనక ఎర్ర సెల్లోఫేన్ అంటించి, ఒక సెంటీమీటరు దూరంలో ఎర్ర ఎల్ఈడీ పెట్టాను. స్విచ్ వేయగానే గుండు మొత్తం ఎర్రగా నిండిపోయింది. సినిమాలో అలా ఉండదు. చాలావరకు నలుపు, లోపలెక్కడో ఎరుపు, నడిమధ్య పసుపు చుక్క. సెల్లోఫేన్ తీసేశాను. లైటును వెనక్కి జరిపితే చుక్క చిన్నదవుతుందేమోనని మూడు సెంటీమీటర్ల దాకా జరిపాను. చిన్నదవకపోగా ఇంకా ఉబ్బింది! ఎటు తిప్పి చూసినా ఆటో వెనక లైటే కనిపిస్తోంది.

ఇంకో రెండు ఇబ్బందులు. చట్రం లోపలి అంచులకు నల్ల స్ప్రే కొడితే ఆరేసరికి పాలు ఒలికినట్టు తెల్లటి పొర వచ్చింది. కింద స్పీకర్ దగ్గర జాలీకి ఏం వాడాలో తేలడం లేదు.

కన్ను కుదిరితే చాలు, మిగతావి ఎలాగో నెట్టుకొస్తాను.

గిండీ లెన్సు:

పద్నాలుగేళ్లుగా గిండీలో లెన్సులు అరగదీసే వర్క్‌షాపులో పనిచేస్తున్నాను, అందుకే ఇది చదవగానే రాయాలనిపించింది. మీ ఎల్ఈడీలో తప్పు లేదు, తప్పంతా గాజు గుండుదే.

అది ప్లస్ లెన్సు. అక్షరాలను పెద్దవి చేసినట్టే లైటునూ పెద్దది చేస్తుంది. మీరన్న కొలతకు దాని ఫోకస్ చదును వైపు నుంచి సుమారు 3.3 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. మీరు లైటును జరిపిందీ దాదాపు అక్కడికే. ఫోకస్‌లో పెట్టిన లైటు లెన్సంతా నిండిపోతుంది. లైట్‌హౌసులోనూ కారు ప్రొజెక్టర్ హెడ్‌లైటులోనూ కావాలని చేసేది ఇదే.

సినిమాలో కెమెరా ముందు పెట్టిన కన్ను నిజం లెన్సు, నికాన్ వాళ్ల 8 మిల్లీమీటర్ల ఫిష్‌ఐ, అంటే చాలా వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్సు. హాల్ చూపులోంచి కనిపించే దృశ్యాలు తీసింది మాత్రం దానితో కాదు, వాటికి ఫెయిర్‌చైల్డ్-కర్టిస్ లెన్సు వాడారు. ఫిష్‌ఐలో ముందుండే గాజు బయటికి ఉబ్బి ఉంటుంది కాబట్టి భూతద్దంలా అనిపిస్తుంది. కానీ దాని వెనకవైపు అంతకన్నా లోతుగా చెక్కి ఉంటుంది. మొత్తం మీద అది మైనస్ లెన్సు, స్కూల్లో పుటాకార కటకమని చదువుకున్నదే. లోపలున్నదాన్ని కుంచించి చూపిస్తుంది. మీకు కావలసిన చిన్న చుక్క అందులోంచే వస్తుంది.

అలాంటి గాజు ఒక్కదాన్ని మీకోసం ఎవరూ చెక్కివ్వరు, ఇచ్చినా ధర భరించలేరు. రెండు ముక్కలుగా చేసుకోండి. ముందు ఉబ్బు కోసం క్రాఫ్ట్ షాపుల్లో దొరికే పారదర్శక ప్లాస్టిక్ బంతిలో సగం. లోపల డొల్ల కాబట్టి అది పెద్దదీ చేయదు, చిన్నదీ చేయదు. దాని వెనకాల ఎక్కువ పవర్ ఉన్న మైనస్ కళ్లద్దం. మైనస్ 10 అయితే లైటును 8 సెంటీమీటర్ల వెనక పెట్టండి, చుక్క దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. కళ్లజోళ్ల షాపులో అడగండి, కొలత తప్పి పక్కన పడేసిన లెన్సులు ఉంటాయి.

మైనస్ లెన్సుతో ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. 5 సెంటీమీటర్ల రంధ్రం వెనక 8 సెంటీమీటర్ల లోతులో లైటు ఉంటే, మధ్య నుంచి పక్కకు సుమారు 17 డిగ్రీలు జరగగానే అంచు అడ్డొచ్చి కనుమరుగవుతుంది. మైనస్ 10 పెడితే 30 డిగ్రీల దాకా చుక్క కనిపిస్తూనే ఉంటుంది. మీరు గదిలో నడుస్తుంటే అది మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. తలుపుకు బిగించే పీప్‌హోల్‌లోనూ బయటివైపు ఉండేది మైనస్ లెన్సే.

లోపలి గొట్టాన్ని ఒకే వెడల్పులో పెట్టకండి. పీవీసీ పైపు ముక్కలు 50, 40, 32 మిల్లీమీటర్లవి ఒకదాని వెనక ఒకటి మెట్లుగా అమర్చి, మెరుపు లేని నల్ల రంగు వేయండి, బ్లాక్‌బోర్డు రంగైనా సరే. రంపంతోనే కోసుకోండి. పీవీసీని లేజర్ కింద పెడితే క్లోరిన్ ఉన్న విషవాయువు వస్తుంది, మంచి షాపువాళ్లెవరూ ఒప్పుకోరు.

సూళ్లూరుపేట అబ్బాయి:

అన్నా, మీ సమాధానం మూడుసార్లు చదివాను. ఒక్క సందేహం. నాన్నగారికి చిన్నప్పటి నుంచీ దూరం చూపు బాగా తక్కువ. నాలుగేళ్ల కిందట శుక్లాల ఆపరేషన్ అయ్యాక పాత కళ్లజోడు అవసరం లేకపోయింది. ఊళ్లో బీరువాలో ఉంది, అమ్మను అడిగితే రెండు వైపులా మైనస్ 9 అని చీటీలో ఉందట. గాజు లెన్సులే, పాతకాలం పెద్ద ఫ్రేము. ఇది పనికొస్తుందా?

గిండీ లెన్సు:

భేషుగ్గా పనికొస్తుంది. 9కీ 10కీ కంటికి తేడా తెలియదు, అదే 8 సెంటీమీటర్ల లోతు పెట్టండి. గాజు కాబట్టి అంచు అరగదీయాలంటే ఇంట్లో ప్రయత్నించకండి, పగులుతుంది. మా దగ్గరికి తెస్తే గుండ్రంగా చేసిస్తాను. కానీ ముందు నాన్నగారిని అడగండి. ఎంత పాతదైనా ఆయన కళ్లజోడు.

పెరంబూరు వైరు:

వైరింగ్ సంగతి నేను చెబుతాను. ఫోన్ ఛార్జర్ నుంచి 5 వోల్టులు తీసుకోండి, బ్యాటరీ వద్దు. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తింటుంది. మిగిలిన 3 వోల్టులకు 330 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 9 మిల్లీయాంపులు వెళ్తాయి, రోజంతా వెలిగినా వేడెక్కదు. ఎర్రవి మూడు, చుట్టూ, ఒక్కోదానికి విడిగా రెసిస్టర్. మూడింటికీ కలిపి ఒకటే పెడితే ఒకటి ఎక్కువగా, ఇంకోటి మసకగా వెలిగే ప్రమాదం ఉంది. వాటి ముందు పాలరంగు ప్లాస్టిక్ బిళ్ల పెట్టి, నడుమ సన్న రంధ్రం చేసి, అందులోంచి పసుపు 3 మిల్లీమీటర్ల ఎల్ఈడీ తొంగిచూసేలా చేయండి. పసుపుకు 1 కిలోఓమ్ చాలు. ఇవన్నీ రిచీ స్ట్రీట్‌లో ఒకే షాపులో దొరుకుతాయి. ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షాపులు మూసి ఉంటాయి.

జాలీకి స్టీలు టీ వడపోత చూడండి. మా ఇంట్లో పాతది కత్తిరించి రేడియోకి పెట్టాను, ఇప్పటికీ అలాగే ఉంది.

సెట్టు పనివాడు:

బాబూ, నేను వడపళని స్టూడియోల్లో ఆర్ట్ డిపార్టుమెంటులో చేరింది 1974లో. మినియేచర్లు చాలా చేశాను. లెన్సు సంగతి ఆ తమ్ముడు బాగా చెప్పాడు, నేను దాని జోలికి పోను.

మీరు అల్యూమినియం చట్రం గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. దాని మీద గీతలు ఎలా వేశారు? నిజం ప్యానెల్ మీద ఆ సన్న గీతల మెరుపు ఒక కొలతలో ఉంటుంది. మీరు ప్యానెల్‌ను చిన్నది చేసి, గీతలకు మామూలు 220 నంబరు ఎమెరీ కాగితం వాడితే, గీతలు అసలు కొలతలోనే ఉండిపోతాయి. చూసేవాడికి కారణం తెలియదు గానీ ఇది బొమ్మ అని కన్ను పట్టేస్తుంది. ఇంకా సన్నగా గీసే 800 నంబరు నీళ్ల కాగితం, అంటే తడిపి రుద్దే ఎమెరీ, తీసుకోండి. చెక్క ముక్కకు చుట్టి, పక్కన ఇనుప స్కేలు ఆన్చి, ఒకే దిక్కుగా లాగండి. వెనక్కి తేకూడదు. పైకెత్తి మళ్లీ మొదటినుంచి లాగాలి. మూలల దగ్గర నిలువు గీత, అడ్డ గీత కలిసేచోట టేపు వేసి ఒక్కో వైపు విడిగా చేయండి. టీ వడపోతకూ ఇదే మాట. కళ్లు సన్నగా ఉన్నది వెతకండి. కొలత తగ్గించాక దాని మీదున్న ప్రతిదీ తగ్గాలి, స్క్రూ తల కూడా.

వెలుగు కూడా తగ్గాలి. 1957 మాయాబజార్‌లో ద్వారక చూశారు కదా. గోఖలే గారు, కళాధర్ గారు కళాదర్శకులు, కెమెరా మార్కస్ బార్‌ట్లే. యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో దాదాపు మూడు వందల చిన్న ఇళ్లు కట్టి, ఒక్కో ఇంటికీ విడిగా దీపం పెట్టారు. నేను ఈ పనిలోకి వచ్చేసరికి ఆ సెట్టు లేదు, కానీ మా గురువుగారు కొత్తగా చేరినవాళ్లందరికీ ముందు ఆ షాటే చూపించేవారు. అందులో ఏ కిటికీ పక్కదాన్ని మింగేలా వెలగదు. మీ కన్నును మొదట చీకటి గదిలో సరిచూసుకోండి. ఎరుపు ఎక్కడ మొదలైందో చెప్పలేనంత తక్కువగా ఉండాలి.

రంగు తెల్లబడింది వానాకాలం గాలి వల్ల. స్ప్రేలో థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. మన చెన్నైలో నవంబరు గాలిలో తేమ ఎక్కువ, ఆ చల్లదనానికి నీరు పట్టి పొరలో ఇరుక్కుంటుంది. గీకేయకండి. ఎండ వచ్చిన రోజు పదకొండు దాటాక, దూరం నుంచి ఉత్త థిన్నర్‌ను మంచులా ఒక్క పొర కొట్టండి. పైపొర కరిగి తేమ బయటికి పోతుంది, నలుపు తిరిగి వస్తుంది. పోకపోతే బాగా ఆరాక నీళ్ల కాగితంతో రుద్ది మళ్లీ వేయండి. చట్రం విడదీసి చేయండి, థిన్నర్ తగిలితే అక్రిలిక్ మీద సన్న పగుళ్లు వస్తాయి.

కన్ను అన్నిటికంటే చివర బిగించండి. విగ్రహానికైనా కళ్లు తెరిచేది ఆఖరునే.

సూళ్లూరుపేట అబ్బాయి:

జనవరి 12 రాత్రి రాస్తున్నాను. 10కి కుదరలేదు, ఇవాళ ఇచ్చాను.

కళ్లజోడు గురించి నాన్నగారిని ముందే అడిగాను, దేనికో చెప్పలేదు. ఆయన దాన్ని కాసేపు చేతిలో తిప్పి, "కుడిది తీసుకో, ఎడమదాని అంచు చిట్లింది" అని ఇచ్చారు. గిండీలో అన్న నా ఎదుటే చక్రం మీద పెట్టి గుండ్రంగా చేశారు, పది నిమిషాల పని, డబ్బు తీసుకోలేదు. ఊగే రింగుకు లోపలి నుంచి సన్న నల్ల ఫెల్ట్ గుడ్డ చుట్టి బిగించాను.

ఎల్ఈడీలు మొదటిసారి వెలిగించింది రాత్రి ఒంటి గంటకు, గదిలో లైటు ఆపేసి. నల్లటి బావి అడుగున నిప్పుకణంలా చుక్క. తలను పక్కకు జరిపితే చుక్క లెన్సు లోపల జరిగిందే గానీ పోలేదు. మూల దాకా నడిచాను, అప్పటికీ ఉంది. ట్యూబ్‌లైటు వేస్తే దాని తెల్లటి గీత డోము మీద వంగి పడింది, సినిమాలో అద్దం మీద గది వెలుగులు పడినట్టే. దాని వెనక ఎరుపు ఇంకా లోతుకు పోయినట్టనిపించింది.

నాన్నగారు పెట్టె తెరిచి చాలాసేపు ఏమీ అనలేదు. కుర్చీ కుడికి జరుపుకున్నారు, ఎడమకు జరుపుకున్నారు. తర్వాత గడియారాన్ని తీసి కిటికీలో పెట్టి దీన్ని టేబుల్ నడిమధ్యకు జరిపారు. "లోపల ఉన్నది నాదే కదా?" అన్నారు. అవునన్నాను. చట్రం గీతల మీద వేలు పెట్టి, ఏ నంబరు కాగితమని అడిగారు. 800 అని చెప్పాను. దీన్ని సరిచేసిన పెద్దాయనకు నమస్కారం చెప్పమన్నారు, ఇదిగో చెబుతున్నాను.

వైరు అన్నకు ఒక మాట. పగలు బాగానే ఉంది గానీ, రాత్రి గదిలో లైటు ఆపితే పసుపు చుక్క ఎక్కువైంది. 1 కిలోఓమ్ తీసి 2.2 పెట్టాను, ఇప్పుడు సరిపోయింది. ఇంకెవరైనా చేస్తుంటే మొదటే 2.2 కొనుక్కోండి.