క్యాప్ కిట్ ముందా, లోపం వెతకడం ముందా?

జెర్సీ_జాయ్‌స్టిక్:
ఎనభైల నాటి ఆర్కేడ్ మెషీన్ ఒకటి కొన్నాను. మానిటర్ వెల్స్-గార్డ్‌నర్ కె7000, 19 అంగుళాలది. ఆట శబ్దాలన్నీ వినిపిస్తున్నాయి. తెర మీద మాత్రం మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క గీత, కళ్లు చెదిరేంత వెలుగు. ఇక్కడ ఎవర్ని అడిగినా "క్యాప్ కిట్ (ఈ మానిటర్‌కి కావలసిన కొత్త కెపాసిటర్లన్నీ ఉన్న ప్యాకెట్) తెచ్చి కెపాసిటర్లన్నీ మార్చేసెయ్, మిగతాది తర్వాత చూడొచ్చు" అంటున్నారు. అంతేనంటారా?

కోఠి_సోల్డర్:
అంతే బ్రో. దాదాపు 40 ఏళ్లు హీట్‌సింక్ పక్కన ఉడికిన కెపాసిటర్లవి. ఈరోజు కాకపోతే రేపు పోతాయి. కిట్ ఖర్చు ఒక పిజ్జా అంత. చాసిస్ (మానిటర్ సర్క్యూట్ బోర్డు) ఎలాగూ బయటికి తీస్తావు కాబట్టి ఒక్కసారే పని పూర్తి చేసుకో. 105 డిగ్రీల వేడి తట్టుకునేవే వెయ్యి.

బెజవాడ_టీవీ_మెకానిక్:
ముందు బ్రైట్‌నెస్ తగ్గించు నాయనా. ఆ గీత అలాగే వెలుగుతూ ఉంటే తెర లోపలి ఫాస్ఫర్ పూత మాడిపోయి మచ్చ పడిపోతుంది. కండెన్సర్ (అదే, కెపాసిటర్) ఎండితే మామూలుగా బొమ్మ పొట్టిదవుతుంది, పైన మడత పడుతుంది, లేదంటే అలలా ఊగుతుంది. ఇలా మొత్తం కుప్పకూలి గీత మిగిలిందంటే నేను ముందు చూసేది యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్టలు) కనెక్టర్ దగ్గర సోల్డరింగ్, బొమ్మను నిలువుగా పరిచే వర్టికల్ ఐసీ కాళ్లు, ఆ ఐసీకి సప్లై అందించే రెసిస్టర్. డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) అయితే కాలు చుట్టూ వెంట్రుకంత సన్నగా ఉంగరంలా పగులు ఉంటుంది. టార్చి పక్కనుంచి వేసి భూతద్దంతో చూస్తేనే కనబడుతుంది. అప్పుడూ దొరక్కపోతే పవర్ తీసేసి యోక్ నిలువు చుట్ట ఓమ్‌లు కొలువు. కొద్ది ఓమ్‌లు చూపిస్తే చుట్ట తెగలేదు.

కోఠి_సోల్డర్:
మాస్టారూ, మీరు చెప్పింది మెకానిక్‌కి సరిపోతుంది. అతను కొత్తవాడు. కిట్ వేస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి కదా?

బెజవాడ_టీవీ_మెకానిక్:
కొత్తవాడు కాబట్టే వద్దంటున్నా. అన్నీ ఒకేసారి పీకి వేస్తే ఒకటి తిరగబడి పడుతుంది, ఇంకోచోట ట్రాక్ ఊడొస్తుంది. పాత జబ్బు పక్కన కొత్త జబ్బు చేరితే ఏది ఏదో ఎవడు తేలుస్తాడు? ఇంకో మాట. కిట్ వేసి బీ-ప్లస్ (చాసిస్‌ని నడిపే ప్రధాన డీసీ వోల్టేజీ) కొలవకుండా ఆన్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కె7000లో అది 130 వోల్టులు ఉండాలి. దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ షార్ట్ అయితే 160 దాటిపోతుంది, లైన్ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతుంది. ఆ రెగ్యులేటర్‌ని ఏ క్యాప్ కిట్ బాగుచేస్తుంది?

గచ్చిబౌలి_రెట్రో:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇండియాలో ఈ మానిటర్ నడపాలనుకునేవాళ్లకి ఒక మాట. దీని చాసిస్ నేరుగా మెయిన్స్‌తో ముడిపడి ఉంటుంది, అందుకే మెయిన్స్‌తో నేరు కలయిక లేకుండా విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. బజారులో 230 నుంచి 110కి దించుతుందని అమ్మేవాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. వోల్టేజీ దిగుతుంది గానీ ఐసోలేషన్ ఉండదు. గేమ్ బోర్డు కలిపిన క్షణంలో ఠప్పుమంటుంది.

జెర్సీ_జాయ్‌స్టిక్:
మా క్యాబినెట్‌లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మరి పిక్చర్ ట్యూబు మీద హై వోల్టేజీ వైరు దిగేచోట ఉన్న ఆ రబ్బరు మూత కింద చెయ్యి పెట్టడానికి భయమేస్తోంది అన్నా.

బెజవాడ_టీవీ_మెకానిక్:
భయం ఉండాలి. అక్కడ 20 వేల వోల్టుల పైమాటే, ఆపేశాక కూడా మిగిలి ఉంటుంది. ప్లగ్ పీకెయ్. పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, రెండో కొస ట్యూబు వెనక ఉన్న అల్లిక గ్రౌండ్ వైరుకు తగిలించి, మొనను మూత కిందికి జరుపు. ఒక చెయ్యి జేబులో పెట్టుకో. కాసేపాగి మళ్లీ అలాగే చెయ్యి.

జెర్సీ_జాయ్‌స్టిక్:
యోక్ కనెక్టర్ పిన్ దగ్గర ఉంగరం పగులు దొరికింది! మళ్లీ సోల్డర్ చేశాను, బొమ్మ వచ్చింది. బీ-ప్లస్ 130 చూపిస్తోంది. కానీ పైన ఒక అంగుళం మడత పడి ఉంది, ఎత్తు కూడా పూర్తిగా రాలేదు.

కోఠి_సోల్డర్:
చూశారా మాస్టారూ, కెపాసిటర్లు పోయాయన్నానా లేదా!

బెజవాడ_టీవీ_మెకానిక్:
పోలేదని నేనెప్పుడన్నాను? ఇప్పుడు వర్టికల్ సెక్షన్లోవి మార్చమను. ఒక్కొక్కటీ తీసి, ప్లస్ మైనస్ చూసి వేస్తూ పోవాలి. పైన మడత పోయిందో లేదో చూశాకే మిగతావాటి జోలికి వెళ్లాలి.

కోఠి_సోల్డర్:
అంటే చివరికి అన్నీ మార్చినట్టేగా. చాసిస్ రెండుసార్లు విప్పడం మాత్రం అదనం.