ఆకాను కథ చెప్పి ఇంటింటా పాపం వెతకొచ్చా?

పరకాల రైతుబిడ్డ:
అందరికీ వందనాలు. మా దిక్కు ఈసారి పత్తి నిండా ముంచింది. గులాబీ పురుగు కాయ లోపల తొలిచింది, ఏరే టైంకు వానలు పడి మిగిలింది నల్లబడ్డది. మా పక్కింటి వదినోళ్లు ఉపవాస కూటం పెట్టుకుంటే, వాక్యం చెప్పనీకె వచ్చిన సేవకుడు బైబిల్ల యెహోషువ పుస్తకం 7వ అధ్యాయం తీసి, "ఈ ఇంట్ల ఆకాను ఉన్నడు, బయటపడేదాక దీవెన రాదు" అన్నడు. అయ్యగారు పోయినంక అత్త కోడలి ట్రంకు పెట్టె తెరిపించింది. పెండ్లి చీరలు, టెన్త్ మెమో తప్ప అందుల ఏం లేవు. ఆ పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలే.

తెలియనోళ్ల కోసం కథ చెప్తున్న. యెహోషువ నడిపించిన ఇశ్రాయేలీయులు గెలిచిన యెరికో పట్నంల దొరికిన వెండి, బంగారం దేవుని ఖజానాకే పోవాలె, ఎవరూ సొంతానికి తీసుకోవద్దని ఆజ్ఞ. వాళ్లల్ల ఆకాను అనేటోడు ఒక షీనారు వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తీసి డేరాల గుంత తవ్వి దాచిండు. తర్వాత హాయి అనే పట్నం మీదికి 3000 మంది పోతే ఓడిపోయి 36 మందిని పోగొట్టుకున్నరు.

ఈ కథతోని పక్కోళ్ల ఇంట్ల పాపం వెతికే హక్కు మనకు వస్తదా? నాకైతే రాదనే అనిపిస్తది. ఓటమి చూసి యెహోషువ ఎవ్వరినీ అనుమానించలే, మందసం (దేవుని నిబంధన పెట్టె) ముందట నేల మీద పడి మొరపెట్టిండు. పాపం ఉన్నదని దేవుడే చెప్పిండు. గోత్రం, వంశం, ఇల్లు, మనిషి అని ఒక్కో మెట్టు దిగి చూపించిండు. పంట పోయిందని చూసి పాపం ఊహించుడు ఆ అధ్యాయంల ఎక్కడ ఉన్నది? మా వదినోళ్ల చేను పక్కన చర్చికి రానోళ్ల చేన్లు కూడా గట్లనే పోయినయ్.

కాజీపేట విశ్వాసి:
తమ్ముడూ, ఆ కోడలికి జరిగింది తప్పే, పెట్టె తెరిపించమని వాక్యం చెప్పదు. కానీ సేవకుడి మీద కోపంతో వాక్యాన్ని మెత్తగా చేయొద్దు. అపొస్తలుల కార్యాలు 5లో అననీయ, సప్పీరా పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకొని అబద్ధమాడి పడి చనిపోయారు. అది కొత్త నిబంధనే కదా. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) అయోగ్యంగా పాలు పొందినందువల్లే మీలో చాలామంది బలహీనులు, రోగులు అయ్యారని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. పాపానికీ కష్టానికీ సంబంధమే లేదంటే ఈ వచనాలు ఏం చేద్దాం? ఇప్పటి సంఘాల్లో పాపభయం పోయింది. వడ్డీకి వడ్డీ గుంజేవాళ్లు ముందు వరుసలో కూర్చుంటున్నారు. వాళ్లకు ఆకాను గురించి ఎవరు చెప్పాలి?

పరకాల రైతుబిడ్డ:
అన్నా, ముందు వరుస సంగతి నూటికి నూరు పాళ్లు నిజం, వాళ్లకే చెప్పాలె. చెప్పేది మాత్రం పంట పోయిన ఆడబిడ్డకు చెప్తున్నరు, గదే నా బాధ. మీరు చెప్పిన కొరింథు పత్రికల గా ముచ్చటకు ముందే "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని ఉన్నది. పక్కోడిని పరీక్షించమని లేదు. అననీయ సంగతి కూడా చూడండి. వాళ్లకు కష్టం వచ్చింది, అందుకే పాపం ఉండొచ్చు అని పేతురు అనలే. అబద్ధం ముందట ఉన్నది, దాని గురించి మాట్లాడిండు.

హన్మకొండ టీచరమ్మ:
ఇద్దరూ ఒక్క మాట దాటేశారు. ఆకానుతో పాటు కొడుకులను, కూతుళ్లను కూడా ఆకోరు లోయకు తీసుకెళ్లి చంపారు. సండే స్కూల్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల అడుగుతుంది, "టీచర్, పిల్లలేం చేశారు?" అని. డేరాలో గుంత తవ్వితే ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉంటుందా, వాళ్లూ సహకరించి ఉంటారు అని కొందరు బోధకులు అంటారు. వాక్యంలో ఆ మాట లేదు. ద్వితీయోపదేశకాండం 24:16 ఏమో తండ్రుల దోషానికి కొడుకులను చంపొద్దంటుంది. యెహెజ్కేలు 18 మరీ స్పష్టం, తండ్రి దోషశిక్ష కొడుకు మోయడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా 7వ అధ్యాయం ఒక్కటే చెబితే, ఇంట్లో ఒకరి తప్పుకు అందరూ నాశనం కావాల్సిందే అని పిల్లల మనసులో పడిపోతుంది. దాన్ని తర్వాత తీయడం చాలా కష్టం. నా వరకు నేను పిల్లలకు సమాధానం కల్పించి చెప్పను. హోషేయ 2లో అదే ఆకోరు లోయను దేవుడు నిరీక్షణ ద్వారంగా చేస్తానన్నాడని మాత్రం చూపిస్తాను.

కాజీపేట విశ్వాసి:
అక్కా, హోషేయ మాట మంచిది. కానీ శిక్షలో న్యాయం ఉందని నేను నమ్ముతాను, మనకు అర్థం కానంత మాత్రాన అన్యాయం కాదు. ఇంకోటి, సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు "మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు" అని యేసే అన్నాడు.

పరకాల రైతుబిడ్డ:
అన్నా, అదే వచనంల చచ్చిపోయినోళ్లు యెరూషలేములో మిగతా అందరికన్న పాపాత్ములు అనుకుంటున్నరా, కాదు అని కూడా ఉన్నది. మారుమనస్సు పొందమన్నది వింటున్నోళ్లను. పుట్టుగుడ్డివాడిని చూసి, వీడు పాపం చేసిండా, వీని కన్నవాళ్లు చేసిండ్రా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఇద్దరూ కాదన్నడు. అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడ్చేటోని పక్కన కూర్చొని నీ పాపమే అని వాదించిండ్రు, ఆఖరికి దేవుడు కోప్పడ్డది వాళ్ల మీదనే.

వచ్చే బుధవారం వదినోళ్లింట్ల మళ్ల కూటం ఉన్నది, ఈసారి మా సంఘ పెద్దలు వస్తున్నరు. 7వ అధ్యాయం ఒక్కటే కాకుండ 8వది కూడా చదివిద్దామని అడిగిన. అక్కడ హాయి కొల్లసొమ్మును దేవుడే మీరు తీసుకోండి అంటడు. ఆకాను కొంచెం ఆగి ఉంటే దొరికేదే. ఆశ సంగతి చెప్పాల్నంటే అక్కడ చెప్పొచ్చు, ఎవరి పెట్టె తెరవకుంట. టీచరమ్మా, పిల్లల ప్రశ్న పెద్దల ముందట మీ పేరు చెప్పకుండా పెడతా, సరేనా?

హన్మకొండ టీచరమ్మ:
పెట్టు తమ్ముడూ. ఆ కోడలిని కూడా కూర్చోబెట్టి, ఆమె ముందే మాట్లాడండి.