సమస్య: "ఇల్లు చేరి పాప యింటి కేడ్చె"

ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం సమస్యగా ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. ఐదు సూర్యగణాలు (మూడేసి మాత్రల గణాలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే మైత్రి, ఇ–యి. మాయలోకానికి వెళ్లి తిరిగొచ్చిన పిల్లల కథ ఏది చదివినా నాకు ఒకటే బాధ మిగులుతుంది. అమ్మ గుండెకు హత్తుకుంటుంది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, కథ అయిపోతుంది, ఆ రాత్రి ఆ పిల్లకి నిద్ర పట్టిందో లేదో మాత్రం ఎవరూ రాయరు. ఇంట్లోనే ఉండి ఇంటికోసం ఎలా ఏడ్చిందో మీరు చెప్పండి.

మొదటి పూరణ:

తలుపు దాటి వెళ్లి తారల వీథిలో
పదియు నేండ్లు రాణి పదవి నేలె
తిరిగి వచ్చి చూడ దీపమారనె లేదు
ఇల్లు చేరి పాప యింటి కేడ్చె

– మూడో పాదం చాలా బాగుంది అమ్మా. అక్కడ పదేళ్లు గడిచినా ఇక్కడ దీపం కూడా ఆరలేదంటే, ఆమె వెళ్లినట్టే ఎవరికీ తెలీదు, 'ఎక్కడికి వెళ్లావు' అని అడిగేవాళ్లే ఉండరు. ఏడుపు అక్కడే పుట్టింది. రెండో పాదమే కుదరలేదు. 'పదియు'లో 'యు' గణం కోసం వచ్చిందని తెలిసిపోతోంది, పైగా రాజ్యాన్ని ఏలుతారు గానీ పదవిని ఏలరు. 'పట్టమంది యేలె పదుల యేండ్లు' అంటే ఎలా ఉంటుంది?

– మార్చుకుంటాను మాస్టారూ, ధన్యవాదాలు.

రెండో పూరణ (రేవతి మాట):

బ్రహ్మలోకమేగి పాట వినెడు లోన
యుగములెన్నొ గడచె నుర్వి మీద
తల్లి లేదు, నాటి తలుపైన కనరాదు
ఇల్లు చేరి పాప యింటి కేడ్చె

– భాగవతం నవమ స్కంధంలోని కకుద్మి కథ ఇక్కడికి తెచ్చారు, సంతోషం. కకుద్మి రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో బ్రహ్మను అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడ పాట అయ్యేదాకా ఆగితే భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. 'నుర్వి'లోని ఉకారంతో యతి సరిపోయింది. కానీ రేవతి పెళ్లీడు పిల్ల, పాప అనలేం. ఇంకో సంగతి, ఈమె ఏడ్చేది భూమ్మీద పోయిన ఇంటికోసం, మనం అడిగింది మాయలోకంలో వదిలేసి వచ్చిన ఇంటి గురించి. సమస్య తీరింది, బెంగ మాత్రం దిశ మారింది.

మూడో పూరణ:

చెప్పుకొనిన నెవరు చెవి యొగ్గి వినరైరి
అచటి భాష నాల్క కంటి యుండె
కనులు మూసి తెరువ గది గోడలే తోచె
ఇల్లు చేరి పాప యింటి కేడ్చె

– రెండో పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మాట్లాడడానికి మనిషి లేని భాష నాలుక మీద ఉండిపోవడం కంటే ఒంటరితనం ఏముంటుంది! అయితే 'కనులు మూసి తెరువ' అంటే ఇదంతా కల అనే అర్థం వస్తోంది. కల అనేస్తే సమస్య తేలికైపోతుంది, ఆ పిల్ల నిజంగా వెళ్లింది. 'కడకు మరలి రాగ' అనండి, గణాలూ యతీ రెండూ నిలుస్తాయి.

– క్షమించండి మాస్టారూ, అది మార్చలేను. నేను రాసింది తిరిగొచ్చిన క్షణం గురించి కాదు, ఆ తర్వాతి రాత్రుల గురించి. ఈసారైనా అక్కడ తెరుచుకుంటాయేమో అని కళ్లు గట్టిగా మూసుకుంటుంది, తెరిస్తే మళ్లీ అవే గోడలు.

– అయితే అలాగే ఉంచండి. నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.