బడి వేళకు కడుపునొప్పి: భయపడే పిల్లలకు ఎలా తోడుండాలి?

కావలి_తల్లి:
మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. దసరా సెలవులు అయిపోయినప్పటి నుంచి, బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటోంది. ఒక్కోసారి వాంతి కూడా చేసుకుంటోంది. ఇక ఈ రోజుకు బడి లేదని తేలాక నొప్పి సర్దుకుని, పెరుగన్నం తిని మామూలుగా ఆడుకుంటుంది. పిల్లల డాక్టరు గారు పరీక్షలు చేయించి జబ్బేమీ లేదన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇదంతా నాటకమంటున్నారు గానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇలాంటిది చూసినవారు దయచేసి చెప్పండి.

ఒంగోలు_నాన్న:
నాటకం కాదమ్మా. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరిగి గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. కాబట్టి ఆ నొప్పి నిజంగా ఉన్నదే. అయితే ఇంట్లో ఉండిపోయిన రోజు కలిగే ఊరట మరుసటి రోజు భయాన్ని ఇంకా పెంచుతుంది కనుక, నెలల తరబడి మానిపించడం కూడా మందు కాదు. మా అబ్బాయిని ఎందుకు వెళ్లవని ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. చివరికి పాత క్యాలెండరు కాగితం వెనక టైంటేబుల్ రాసి, ఏ గంట కష్టంగా ఉంటే దానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టమన్నాను. మంగళవారం మూడో పీరియడ్ ఒక్కదానికే చుట్టాడు. ఆ గంటలో లేచి నిలబడి ఇంగ్లీషు పాఠం గట్టిగా చదవాలట. వారమంతా పట్టి పీడించిన భయానికి మూలం అదే.

టంగుటూరు_టీచర్:
ఆ కాగితం తీసుకుని తరగతి ఉపాధ్యాయులను విడిగా కలవండి, నలుగురి ముందు వద్దు. నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను, చాలా రోజులు మానేసి వచ్చిన పిల్లవాడిని గుమ్మంలోనే ఆపి "ఇన్నాళ్లు ఏమైపోయావు?" అని అందరి ముందూ అడగడం కంటే పెద్ద దెబ్బ లేదు. మొదట అసెంబ్లీ అయ్యాక రానివ్వడం, నమ్మకమున్న స్నేహితురాలిని గేటు దగ్గరే కలవనివ్వడం, పాఠాన్ని ముందు టీచరుకు ఒక్కరికే, తర్వాత పక్క బెంచీ వారికి చదివి వినిపించనివ్వడం, రాయని నోట్సులన్నీ ఒకేసారి అడగకపోవడం వంటివి ఖర్చులేని పనులు, ఏ బడైనా చేయగలదు. భయానికి కారణం దెబ్బలో అవమానాలో అయితే మాత్రం సర్దుకుపొమ్మని బిడ్డకు చెప్పకండి. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. బడివారిని ఆ సంగతి అడిగే హక్కు మీకుంది.

నెల్లూరు_అమ్మమ్మ:
అందరికీ కారణం బడిలోనే ఉండదు తల్లీ. మా మనవడికి ఇల్లు వదలడమంటేనే భయం, ఎందుకంటే వాళ్లమ్మ ఆసుపత్రి పాలైంది వాడు బడిలో ఉన్నప్పుడే. మధ్యాహ్నం అన్నాల వేళ టీచరమ్మ ఫోన్లో అమ్మ గొంతు వినిపించేవారు. పోనుపోనూ వాడే అక్కర్లేదన్నాడు.

కోవూరు_అక్క:
జూనియర్ కాలేజీ హాస్టళ్లలో ఉన్న పిల్లల గురించి ఒక్క మాట. వీక్లీ టెస్టు ర్యాంకులు గోడకెక్కే చోట చాలామంది ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నాను" అనే చెబుతారు. నిద్ర, తిండి తగ్గినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా వెంటనే వెళ్లి చూడండి. బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం పరీక్షలయ్యాక చూద్దామనుకోకుండా, ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను ఎవరైనా వేధిస్తుంటే పిల్లల సహాయవాణి 1098 ఉంది.

కావలి_తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. టైంటేబుల్ ఈ రాత్రికే రాయిస్తాను. ఇంకొక సందేహం: ఇంట్లో ఉండిపోయిన రోజు ఫోను ఇవ్వవచ్చా?

ఒంగోలు_నాన్న:
బడి వేళల్లో ఫోనూ టీవీ లేకుండా, మామూలు వేళకే లేపి, స్నానం చేయించి, ఆ రోజు పాఠాలు కొంచెం చదివించండి. శిక్షలా కాదు, నెమ్మదిగా మాట్లాడుతూ చేయించండి. ఒంట్లో కుదుటపడితే మధ్యాహ్నం రెండు పీరియడ్లకైనా తీసుకెళ్లండి. రెండు మూడు వారాలైనా మార్పు కనిపించకపోతే మానసిక వైద్యులకు చూపించండి.